క్లోజ్ ఫ్రెండ్స్‌కి పెట్టిన ఫొటో నాన్న ఫోనుకి ఎలా చేరింది: ఒక కేస్ స్టడీ

కాలేజీల్లో, లేడీస్ హాస్టళ్లలో ఫోను భద్రత గురించి క్లాసులు చెప్పడం నా పని. క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, పక్కకి వచ్చి అడిగేవాళ్ల సమస్యలు చూడటం కూడా అందులో భాగమే. ఇది అలా వచ్చిన కేసు. ఆ అమ్మాయి చదివి సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం, బంధుత్వాల్లాంటి వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. ఫొటో ఏ దారిన బయటికి వెళ్లిందో ఆ లెక్క మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను.

ఇందులో హ్యాకింగ్ లేదు, బ్లాక్‌మెయిల్ లేదు, అసభ్యమైన ఫొటో అంతకన్నా లేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే. పోలీస్ స్టేషన్ దాకా పోవు, పేపర్లో రావు. ఇంట్లో మాత్రం నెలల తరబడి మాటలుండవు. ఇలాంటివి ఎవరూ రాసిపెట్టరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఏం జరిగింది

అమ్మాయిది గుంటూరు వైపు ఒక చిన్న ఊరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, హాస్టల్‌లో ఉంటుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఒక శనివారం ఆఫీసు స్నేహితులతో కలిసి వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకు వెళ్లింది. తను కాక ముగ్గురమ్మాయిలు, ముగ్గురబ్బాయిలు. ఇంట్లో చెప్పలేదు. రాత్రి చలిమంట చుట్టూ కూర్చున్న ఫొటో ఒకటి రూమ్మేట్ తీసింది. దాన్ని ఈ అమ్మాయి రాత్రి 10:40కి ఇన్‌స్టాగ్రామ్‌లో తను ఎంచుకున్నవాళ్లకి మాత్రమే కనిపించే క్లోజ్ ఫ్రెండ్స్ స్టోరీగా పెట్టింది. అకౌంట్ ప్రైవేటు. బంధువులెవర్నీ అందులో ఫాలోవర్లుగా ఒప్పుకోలేదు. క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టులో 61 మంది ఉన్నారు.

సోమవారం పొద్దున ఆ ఫొటో వాళ్ల బాబాయి దగ్గర్నుంచి నాన్న ఫోనుకి వచ్చింది. ఆమె మొహం చుట్టూ, పక్కనున్న అబ్బాయి మొహం చుట్టూ ఎవరో ఎర్రగీతతో సున్నాలు చుట్టారు. అన్నదమ్ముల వాట్సాప్ గ్రూప్‌లో కూడా అదే పడింది. నాన్న ఫోన్ చేసి తిట్టలేదు. అసలు ఫోనే చేయలేదు. అమ్మ చేసి ఏడ్చింది.

నా దగ్గరికి మంగళవారం సాయంత్రం వచ్చింది. అప్పటికే రూమ్మేట్‌తో పెద్ద గొడవ అయిపోయింది. ఫొటో తీసింది తనే కదా, తనే పంపి ఉంటుందని ఈమె అనుమానం. లిస్టులోంచి నలుగుర్ని తీసేసింది కూడా. కూర్చోగానే అడిగిన మాట ఒకటే: "అక్కా, వీళ్లలో నాకు ద్రోహం చేసింది ఎవరో కనిపెట్టగలవా?"

ముందు నేనొకటి అడిగాను. తెలిస్తే ఏం చేస్తావు అని. ఈ ప్రశ్న ప్రతి కేసులోనూ అడుగుతాను. పగ తీర్చుకోవడానికైతే నేను వెతకను. తప్పు మనిషిని అనుమానిస్తున్నామేమో తేల్చుకోవడానికైతే వెతకడంలో అర్థముంది. ఆమె కాసేపు ఆలోచించి, "రూమ్మేట్ కాదని తేలితే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను" అంది. సరే, మొదలుపెడదామన్నాను.

చూసినవాళ్ల లిస్టు అప్పటికే పోయింది

అందరికీ ముందు తట్టేది స్టోరీ కింద కనిపించే వ్యూయర్ల పేర్లు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో పోతుంది, తర్వాత ఆర్కైవ్‌లో మనకి మాత్రమే కనిపిస్తుంది. ఎవరెవరు చూశారన్న లిస్టు పెట్టినప్పటి నుంచి 48 గంటల దాకానే ఉంటుంది. ఈమె స్టోరీకి ఆ గడువు సోమవారం రాత్రి 10:40తో అయిపోయింది. సోమవారమంతా ఏడుపులోనూ గొడవలోనూ గడిచింది. ఆ లిస్టు ఒకసారి తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని ఉంటే 61 మందిలో సగం మంది అక్కడే తప్పుకునేవాళ్లు.

ఇలాంటిది ఎవరికైనా జరిగితే ముందు చేయాల్సిన పని అదే. ఎవరికీ ఫోన్ చేయకముందు, స్టోరీ డిలీట్ చేయకముందు, వ్యూయర్ల లిస్టు మొత్తం కిందదాకా జరుపుతూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. తర్వాత ఏమైనా చేయొచ్చు.

స్క్రీన్‌షాట్ తీస్తే ఇన్‌స్టాగ్రామ్ మనకి చెబుతుంది కదా అని ఆమె అడిగింది. చాలామందిలో ఈ నమ్మకం ఉంది. మెసేజ్‌లో పంపే మాయమైపోయే ఫొటోని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే పంపినవాళ్లకి తెలుస్తుంది. స్టోరీకి అలా ఏమీ రాదు. 2018లో కొంతమంది దగ్గర ప్రయోగంగా పెట్టి చూసి తీసేశారు. ఆ రోజుల్లో వచ్చిన వార్తలు ఇప్పటికీ జనం నోట్లో నానుతున్నాయి.

ఫొటోనే అడిగాం

వ్యూయర్ల లిస్టు పోయింది కాబట్టి మిగిలింది నాన్న ఫోనుకి వచ్చిన ఆ ఫొటో ఒక్కటే. అమ్మ దాన్ని ఈమెకు పంపింది. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి ఇద్దరం చూశాం. కంగారులో ఎవరూ చేయని పని ఇదే. ఫొటోలో తను ఎలా పడిందో చూసుకుని బాధపడతారు తప్ప ఫొటో అంచుల్లో ఏముందో చూడరు.

మొదటి సంగతి, అది స్క్రీన్‌షాట్ కాదు. ఒక ఫోను తెరని ఇంకో ఫోనుతో తీసిన ఫొటో. తెరమీద వంకర గీతలు అలల్లా కనిపిస్తున్నాయి, డిస్‌ప్లేని కెమెరాతో తీస్తే వచ్చే గీతలు అవి. ఫోను కొంచెం ఏటవాలుగా ఉంది. పై ఎడమ మూల టెంపర్డ్ గ్లాస్ పగిలి సాలెగూడులా ఉంది. ఫోను కింద మెరూన్ రంగు మీద తెల్లపూల దుప్పటి. కుడి అంచున పాలపీక మూత ఒకటి సగం కనిపిస్తోంది.

రెండోది టైము. స్టోరీ పైన ఆమె పేరు పక్కన 15 గంటలు అని ఉంది. ఫోను గడియారంలో 1:52. శనివారం రాత్రి 10:40కి పదిహేను గంటలు కలిపితే ఆదివారం మధ్యాహ్నం 1:40 అవుతుంది. రెండూ సరిపోయాయి. అంటే ఈ ఫొటో తీసింది ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని ఇల్లంతా నడుం వాల్చే వేళ. రూమ్మేట్ ఆ సమయంలో ఈమెతోనే తిరుగు ప్రయాణం బస్సులో ఉంది. ఆమె ఫోను గ్లాసు పగల్లేదు, ఆమె దగ్గర పాలపీక ఉండే అవకాశమూ లేదు. ఇది చెప్పగానే ఈ అమ్మాయి మొహం పాలిపోయింది. రూమ్మేట్‌ని అన్న మాటలు గుర్తొచ్చాయనుకుంటాను.

మూడోది వాట్సాప్ గుర్తు. బాబాయి పంపిన మెసేజ్ మీద "ఫార్వర్డ్ చేయబడింది" అని ఒక్క బాణం గుర్తే ఉంది. వాట్సాప్ 2018 జులైలో ఫార్వర్డ్ లేబుల్ తెచ్చింది. ఒక మెసేజ్ ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు వరసగా మారితే రెండు బాణాలు పడి, "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని చూపిస్తుంది. ఇక్కడ ఒక్క బాణమే ఉందంటే తీసినవాళ్లకీ బాబాయికీ మధ్య దూరం తక్కువ. ఊరంతా తిరగలేదన్న మాట. ఆ రాత్రి ఆమెకు కాస్త ఊపిరాడేలా చేసిన వివరం ఇదొక్కటే. మధ్యలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసి కొత్తగా పంపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి దీన్ని గట్టి రుజువు అనలేం. ఉన్నంతలో మంచి సూచన.

ఫొటోలో దాగి ఉండే లొకేషన్, కెమెరా వివరాల కోసం వెతకలేదు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితేనే మిగులుతాయి.

అరవై ఒక్క పేర్లు

తర్వాత లిస్టు తెరిచాం, ఆమె తీసేసిన నలుగురి పేర్లూ కలిపి. ఒక్కో పేరు నేను చదవడం, ఆమె చెప్పడం. మొదట్లో ఆమె ప్రతి పేరుకీ "మంచిదే", "నమ్మొచ్చు", "ఏమో" అంటూ వచ్చింది. పదో పేరు దగ్గర ఆపాను. మంచివాళ్లా కాదా అన్నది పక్కన పెట్టు, ఈ ఫోను ఇంట్లో ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో చెప్పు అన్నాను.

ప్రశ్న మార్చగానే జవాబులు మారిపోయాయి. ఒకమ్మాయి ఫోనులో తమ్ముడు గేములు ఆడతాడు. ఒకామెకు ఈమధ్యే పెళ్లయింది, భర్తకి పాస్‌వర్డ్ తెలుసు. ఇంకొకరు ఇన్‌స్టా పాత ట్యాబ్‌లో లాగిన్ చేసి వదిలేశారు, అది ఇప్పుడు వాళ్ల అమ్మ సీరియళ్లు చూసే ట్యాబ్. ముగ్గురు అసలు ఎవరో ఈమెకు గుర్తే లేదు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేర్చిన పేర్లు. ఇద్దరితో రెండేళ్లుగా మాటల్లేవు.

ఇన్‌స్టాగ్రామ్ ఈ క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టుని 2018 నవంబరు చివర్లో తెచ్చింది. మొదట స్టోరీలకే ఉండేది, 2023లో పోస్టులకీ రీల్స్‌కీ కూడా ఇచ్చింది. లిస్టులో ఎవరున్నారో పెట్టినవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనిపించదు. చేర్చినా తీసేసినా వాళ్లకి కబురు వెళ్లదు. ఇది నిజంగా మంచి ఏర్పాటు. మొహమాటం లేకుండా ఎవర్నయినా తీసేయొచ్చు. కానీ ఆ తీసేసే పని ఎవరూ చేయరు. చేర్చిన రోజున ఉన్న స్నేహాన్నే యాప్ ఏళ్ల తరబడి నిజమని నమ్ముతూ పోతుంది. ఈలోగా పెళ్లిళ్లవుతాయి, గొడవలవుతాయి, ఫోన్లు చేతులు మారతాయి.

నలభయ్యో పేరు దాటాక ఆమె ఒక పేరు దగ్గర ఆగింది. ఇంటర్మీడియట్ నాటి స్నేహితురాలు. ప్రాణస్నేహితురాలనే చెప్పాలి. కిందటేడాదికి ముందే పెళ్లయింది, అత్తగారిల్లు వీళ్ల ఊరికి దగ్గరే. చంటిపాప ఉంది. "దాని ఫోను కిందపడి గ్లాసు పగిలిందని వీడియో కాల్‌లో చూపించింది" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఫోన్ కాల్

ఇలాంటి కాల్ ఎలా చేయాలన్నదే నా పనిలో కష్టమైన భాగం. "నువ్వే పంపావా" అని అడిగితే అవతలివాళ్లు తమని కాపాడుకోవడానికి మాట్లాడతారు, నిజం బయటికి రాదు. పైగా ఆమె అత్తారింట్లో ఉంది, పక్కన ఎవరున్నారో తెలియదు. అందుకని ముందు ఒక మెసేజ్ పెట్టించాను: ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి, అంతే. మర్నాడు పొద్దున ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తూ చేసింది. ఈమె నేను చెప్పినట్టే అడిగింది. "నీ మీద నాకు అనుమానం లేదే. ఆదివారం మధ్యాహ్నం నీ ఫోను ఎవరి దగ్గరుందో గుర్తు చేసుకో."

ఆమె వెంటనే చెప్పింది. మధ్యాహ్నం పాప పడుకోవాలంటే యూట్యూబ్ పాటలు పెట్టాలి. ఆ పని ఆడపడుచు చూసుకుంటుంది. పాప పడుకున్నాక ఫోను ఆమె చేతిలోనే ఉంటుంది. ఇన్‌స్టా చూస్తూ ఉంటుంది, అది మామూలే. ఆడపడుచుకి ఈ అమ్మాయి వాళ్ల నాన్న తెలుసు, బాబాయి ఇంకా బాగా తెలుసు.

స్టోరీలు ఒకటి అయిపోగానే తర్వాతి మనిషి స్టోరీ దానంతటదే తెరుచుకుంటుంది. మామూలు స్టోరీకీ క్లోజ్ ఫ్రెండ్స్ స్టోరీకీ మధ్య ఆగి అడిగేది ఏమీ లేదు, పైన చిన్న ఆకుపచ్చ గుర్తు తప్ప. ఏ సినిమా రీలో వంటల స్టోరీయో చూస్తున్న ఆడపడుచు ముందుకి ఈ చలిమంట ఫొటో వచ్చి ఉంటుంది. పేరు చూసింది, గుర్తుపట్టింది, తన ఫోను తీసి ఫొటో తీసింది. "పెద్దవాళ్లకి తెలియాలి కదా" అని పంపి ఉంటుంది. ఇది నా అంచనా. ఆడపడుచుని మేం అడగలేదు, అడగకూడదనే నిర్ణయించుకున్నాం. అడిగితే గొడవ పడేది ఆ ఇంట్లో, భరించాల్సింది చంటిపిల్లతో ఉన్న ఆ స్నేహితురాలు. ఒకరి పరువు నిలబెట్టుకోవడానికి ఇంకొకరి కాపురంలో నిప్పు పెట్టలేం. ఈ విషయంలో ఆ అమ్మాయి నాకంటే గట్టిగా ఉంది.

యాప్‌కి అకౌంటంటే ఒక మనిషి, మన ఇళ్లలో అకౌంటంటే ఒక ఇల్లు

ఈ కేసు నుంచి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఫొటో యాప్‌లన్నీ ఒక అకౌంట్ వెనక ఒక మనిషి ఉంటారని, ఆ ఫోను ఆ మనిషి చేతిలోనే ఉంటుందని అనుకుని కట్టినవి. ఫొటోలు పెట్టుకునే సైటు ఫ్లికర్ 2004లో వచ్చింది, తొలినాళ్లలోనే ఫొటోని స్నేహితులకి, కుటుంబానికి అని విడదీసి చూపించే వీలిచ్చింది. 2011లో గూగుల్ తెచ్చిన గూగుల్ ప్లస్ అనే సోషల్ మీడియా ఇలా విడదీసిన గుంపులని సర్కిల్స్ అంది. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో కొందరికి తప్ప, కొందరికి మాత్రమే అని ఎంచుకోవచ్చు. అన్నింటిలోనూ పేర్లు ఎంచుకుంటాం. ఇళ్లను ఎంచుకునే చోటు ఎక్కడా లేదు.

2018లో గూగుల్ పరిశోధకులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఆడవాళ్లు ఫోను ఎలా వాడతారో అధ్యయనం చేశారు. ఫోను పేరుకి తమదైనా పిల్లలు, భర్త, అత్తింటివాళ్లు దాన్ని తీసి చూడటం మామూలేనని, అందుకే ఆడవాళ్లు యాప్ లాకులు పెట్టుకుంటారని, చాట్లు, ఫొటోలు ఎప్పటికప్పుడు తుడిచేస్తుంటారని అందులో తేలింది. మన దగ్గర ఏ కోడలినడిగినా ఇది చెబుతుంది. ఆ స్నేహితురాలు కూడా యాప్ లాక్ పెట్టుకోవచ్చు కదా అని నాతో అన్నవాళ్లున్నారు. కొత్తగా తాళం వేస్తే "ఏం దాస్తున్నావు" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఎదుర్కోవాల్సింది ఆమె. సలహా ఇచ్చే మనం కాదు.

యాప్‌ల వైపు తప్పులు లేవని కాదు. 2014లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ స్నాప్‌చాట్‌ని పట్టుకుంది. మాయమైపోతాయన్న ఫొటోలను వేరే యాప్‌లతో దాచుకునే వీలుందని, జనానికి అబద్ధం చెప్పారని ఆరోపించింది. 20 ఏళ్ల పాటు బయటివాళ్ల పర్యవేక్షణకి ఆ కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో ఒక లోపం వల్ల 68 లక్షల మంది దాకా వాడకందార్ల ఫొటోలు, టైమ్‌లైన్ మీద పెట్టనివి కూడా, అనుమతి ఇచ్చినదానికి మించి బయటి యాప్‌లకి అందుబాటులోకి వెళ్లాయి. అవి నిజమైన లోపాలు, వాటికి కంపెనీలే జవాబు చెప్పాలి. మా కేసులో మాత్రం యాప్ చెప్పినట్టే పనిచేసింది. 61 మందికి చూపించమంది, 61 అకౌంట్లకే చూపించింది. అయినా ఫొటో బయటికి వెళ్లింది. వాట్సాప్‌లో ఒకేసారి చూడగలిగే ఫొటోలకి స్క్రీన్‌షాట్ రాకుండా అడ్డు పెట్టారు. రెండో ఫోనుతో తీసేవాళ్లని ఏ అడ్డూ ఆపలేదు.

నన్నడిగితే ఇన్‌స్టాగ్రామ్ రెండు మార్పులు చేయొచ్చు. క్లోజ్ ఫ్రెండ్స్ స్టోరీ దానంతటదే తెరుచుకోకుండా ఒకసారి నొక్కితేనే రావాలి. లిస్టు ఏడాదిగా ముట్టుకోకపోతే, స్టోరీ పెట్టేముందు "ఈ పేర్లు ఇంకా సరేనా" అని చూపించాలి. ఏ ఇంట్లో ఎవరి ఫోను ఎవరు చూస్తారో కంపెనీకి తెలియక్కర్లేదు, ఈ రెండు చాలు.

వెతకని చోట దొరికింది

మంగళవారం రాత్రే ఆమె ఫోను చూస్తుంటే ఇంకోటి బయటపడింది. ట్రిప్ ఫొటోలన్నీ కలిపి ఒక అబ్బాయి గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ చేశాడు. ఆ లింకుని ట్రిప్ గ్రూప్‌లోనే కాకుండా ఆఫీసు టీమ్ గ్రూప్‌లో కూడా పెట్టాడు. ఆ గ్రూప్‌లో తొంభై మంది దాకా ఉన్నారు. లింకు షేరింగ్ ఆన్‌లో ఉంటే ఆ లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చూడొచ్చు. మా ఇద్దరి కళ్ల ముందే లాగిన్ లేని బ్రౌజర్‌లో పెడితే ఆల్బమ్ మొత్తం తెరుచుకుంది. కొన్ని ఫొటోలకి రిసార్ట్ ఎక్కడుందో మ్యాప్ కూడా కనిపిస్తోంది.

ఒక్క ఫొటోని 61 మందికి పరిమితం చేయడానికి అంత జాగ్రత్త పడిన అమ్మాయి. మిగతా ఫొటోలన్నీ తలుపు తీసిన ఇంట్లో ఉన్నట్టున్నాయి. ఆమె తప్పేం లేదు, ఆల్బమ్ ఆమెది కాదు. అక్కడికక్కడే ఆ అబ్బాయికి ఫోన్ చేయించాను. ఆల్బమ్ ఆప్షన్లలో లింకు షేరింగ్ ఆపాడు, లొకేషన్ చూపించడం ఆపాడు, ఆరుగురిని మాత్రం వాళ్ల జీమెయిల్‌తో చేర్చాడు. అప్పటికే ఎవరైనా తమ లైబ్రరీలో సేవ్ చేసుకుని ఉంటే అవి వాళ్ల దగ్గర ఉండిపోతాయి, దానికి చేయగలిగింది లేదు. ఇంకో మాట కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. ఆ ఫొటోలో ఇంకో ఇద్దరమ్మాయిలున్నారు. వాళ్లని అడక్కుండానే వాళ్ల మొహాలు 61 మందికి వెళ్లాయి. వాళ్లలో ఒకరి ఇంట్లో ఇంతకంటే కట్టుబాట్లు ఎక్కువని ఆమెకు తెలుసు. బుధవారం ఆమె ఆ ఇద్దరికీ తనే చెప్పింది, ఫొటో ఎవరెవరి చేతికి వెళ్లిందో దాచకుండా.

ఇంట్లో

మేనత్త కొడుకు ఒకడు సలహా ఇచ్చాడు. ఫొటో మార్ఫింగ్ అని, ఏఐతో చేశారని చెప్పేయమన్నాడు. ఈ సలహా ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఆమె దాదాపు ఒప్పేసుకుంది కూడా. నేను వద్దన్నాను. చెబితే నాన్న ముందు చేసే పని ఎవరు చేశారని వెతకడం, లేదా పోలీసులకి చెబుదామనడం. అప్పుడు ఆ స్నేహితురాలి ఇంటి దాకా వెళ్తుంది. పైగా రేపెప్పుడైనా నిజంగానే ఎవరో ఆమె ఫొటో మార్ఫింగ్ చేస్తే, అప్పుడు చెప్పే మాటకి ఇంట్లో విలువ ఉండదు.

చట్టం సంగతి కూడా అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం ఒక స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పటి చిత్రాన్ని, తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరం. ఐటీ చట్టం 66ఈ కూడా శరీరపు ఏకాంతానికి సంబంధించిందే. చలిమంట దగ్గర స్వెటరు వేసుకుని కూర్చున్న ఫొటో వీటికింద రాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకి వాడే డేటాని తన పరిధిలోంచి తప్పించింది. బాబాయి ఫార్వర్డ్ దాదాపుగా అందులోకే వస్తుంది. ఎవరైనా ఈ ఫొటో చూపించి బెదిరించినా, డబ్బులడిగినా, మార్చి పెట్టినా లెక్క వేరు. అప్పుడు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ షీ టీమ్స్ దగ్గర గానీ ఆ రోజే ఫిర్యాదు చేయాలని, మెసేజ్‌లేవీ డిలీట్ చేయొద్దని చెప్పాను. అసభ్య చిత్రాలైతే స్టాప్ ఎన్‌సీఐఐ అనే సేవ ఉంది. ఫొటో మన ఫోను దాటకుండానే దాని గుర్తు మాత్రం తీసుకుని, చేరిన యాప్‌లలో అది పైకి రాకుండా చూస్తుంది. ఈ కేసులో వీటి అవసరం పడలేదు.

అవసరం పడింది అమ్మతో మాట్లాడటం. మంగళవారం రాత్రే ఆమె అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. వెళ్లానని, చెప్పకపోవడం తప్పేనని, ఆ అబ్బాయి టీమ్‌లో పనిచేసేవాడే తప్ప ఇంకేం లేదని. గ్రూప్‌లోని ఫొటో తీయించడానికి టైము తక్కువ ఉందని కూడా నేను చెప్పమన్నాను. వాట్సాప్‌లో పంపినవాళ్లు అందరి దగ్గరా డిలీట్ చేయడానికి రెండున్నర రోజుల గడువే ఉంటుంది. సోమవారం పొద్దున పడిన మెసేజ్‌కి బుధవారం సాయంత్రంతో అయిపోతుంది. అమ్మ బుధవారం పొద్దునే మరిదికి ఫోన్ చేసి, పెళ్లి కావలసిన పిల్ల ఫొటో మగాళ్ల గ్రూప్‌లో ఎందుకు పెట్టావని అడిగిందట. ఆయన డిలీట్ చేశాడు. గ్రూప్‌లోంచి ఇంకెక్కడికైనా వెళ్లిందేమో తెలియదు. ఆ తర్వాత ఎవరి నుంచీ వినిపించలేదు.

నాన్నకి ట్రిప్ మీద కోపం తక్కువే అని తర్వాత తెలిసింది. "మా తమ్ముడికి తెలిశాక నాకు తెలియాలా" అన్నాడట అమ్మతో. ఇలాంటి కేసుల్లో తండ్రుల దగ్గర నేను మళ్లీ మళ్లీ వినే మాట ఇది. పిల్ల ఏం చేసిందన్నదాని కంటే ఎవరి నోటి ద్వారా తెలిసిందన్నదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అందుకే, ఫొటో బయటికి వెళ్లిందని తెలిసిన వెంటనే, కుదిరే ఇల్లయితే, ముందు మనమే చెప్పడం మంచిదని నేనంటాను. అన్ని ఇళ్లలోనూ కుదరదు. కొన్ని ఇళ్లలో చెబితే దెబ్బలు పడతాయి, చదువు మానిపిస్తారు. అక్కడ ముందు పిల్ల ఎక్కడ ఉంటే క్షేమమో చూసుకోవాలి. ఈ ఇల్లు అలాంటిది కాదని ఆమెకు తెలుసు కాబట్టే చెప్పమన్నాను.

ఇప్పుడు

లిస్టు 61 నుంచి 17కి వచ్చింది. ఆ స్నేహితురాలి పేరు తీసేశాం, ఆమెకి చెప్పే తీశాం. "తీసెయ్యవే, నాక్కూడా టెన్షన్ తగ్గుతుంది" అందట. తన ఫొటోలు మాత్రం డాబా మీద వీడియో కాల్‌లో చూపించమంది. ఇన్‌స్టాలో ఎవరైనా ట్యాగ్ చేస్తే ముందు తను ఒప్పుకుంటేనే ప్రొఫైల్‌లో కనిపించేలా సెట్టింగ్ మార్చాం. స్టోరీ వెంటనే పెట్టడం మానేసి, మర్నాడు తిరిగొచ్చాక పెడుతోంది. ఎక్కడున్నదీ అప్పటికప్పుడు ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఇది ఉపయోగపడుతుంది.

నాన్న రెండు వారాలకి మాట్లాడాడు. సంబంధాలు చూడటం ఆగలేదు. చిక్కల్లా రూమ్మేట్ దగ్గరే మిగిలింది. ఈమె వెళ్లి క్షమించమని అడిగింది, పగిలిన గ్లాసు కనిపించే ఆ ఫొటో చూపించి జరిగిందంతా చెప్పింది. ఆమె వింది, సరేనంది. కానీ నెల తిరక్కుండానే వేరే హాస్టల్‌కి మారిపోయింది. ఆఫీసులో కనిపిస్తే పలకరించుకుంటున్నారు.